అద్దంలా మెరిసే బిళ్ళలు

గౌరినాయుడికి కణాల మీద కోపం వచ్చింది.

అవి ఎముకను కట్టే కణాలు. విరిగిన ఎముకకు ఆసరాగా డాక్టర్లు లోపల అమర్చే లోహం ఉంటుంది కదా, దాని మీద ఈ కణాలు ఎముక కట్టేలా చెయ్యాలన్నది అతని పరిశోధన. ఆ లోహంతో చేసిన చిన్న బిళ్ళల మీద వాటిని వేసి, వేళకు తిండి పెట్టాడు. వెచ్చగా ఉంచాడు. చంటిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకున్నాడు. అవి సుష్టుగా తిని, సంతానం పెంచుకుని, లోహపు బిళ్ళంతా పరుచుకుని హాయిగా పడుకున్నాయి. ఎముక మాత్రం కట్టలేదు. కట్టి ఉంటే, ఎర్ర రంగు పోసినప్పుడు ఆ చోటల్లా ఎర్రగా నిలవాలి. కడిగేసరికి రంగంతా నీళ్లతో పాటే పోయింది.

కణానికి ‘ఎముక కట్టు’ అని కబురందించే మందు ఒకటుంది. దాన్ని రెట్టింపు చేశాడు. అయినా ఉలుకూ పలుకూ లేదు.

ఇక మిగిలింది ఒక్క గొట్టం కణాలు. అవి చేపలమ్ముకునే ముత్యాలమ్మవి. తుంటి ఆపరేషన్‌లో తీసేసిన ఎముక ముక్కను పరిశోధనకు అడిగితే, “ఇంకోరికి పనికొత్తాదంటే పట్టుకెళ్లండి బాబూ, నానేటి సేసుకుంతాను!” అని నవ్వుతూ ఇచ్చేసింది. ఈ గొట్టం కూడా పాడైతే ఆవిడ ఇచ్చినదంతా సింకులో పోసినట్టే. అది తలుచుకుంటే గౌరినాయుడికి అన్నం సయించడం లేదు.

అలాగని తప్పు తనదై ఉంటుందని మాత్రం తోచలేదు. నేరుగా ల్యాబు పెద్ద సీతారత్నంగారి దగ్గరికి వెళ్లాడు. ఆవిడ బక్కపలచని మనిషి, మాట తక్కువ. ఆవిడ దగ్గర ఎవరి పనీ ఒక్కసారికి నెగ్గదు. ఎంత బాగా రాసి తీసుకెళ్లినా తిప్పి పంపుతారు. చేసిన ప్రయోగమే మళ్లీ చెయ్యమంటారు. శిష్యులు క్యాంటీన్‌లో కూర్చుని ఆవిణ్ణి తిట్టుకోని రోజు లేదు, అందులో గౌరినాయుడి గొంతే పెద్దది.

“ఈ కణాలు మంచివి కావు మేడమ్.”

“ఏం చేశాయి పాపం?”

“ఏమీ చెయ్యవండీ, అదే గొడవ! మంచి కణమైతే ఎక్కడ వేసినా ఎముక కట్టాలి. సత్తా అనేది లోపల ఉండాలి మేడమ్. నన్ను చూడండి. ఎవరి ఆసరా లేకుండా ఇంతదాకా వచ్చాను. ఈసారి మందు మూడింతలు పోస్తాను.”

ఆవిడ చెయ్యి చాపారు. “బిళ్ళ ఏదీ?” అన్నారు.

గౌరినాయుడు గర్వంగా చూపించాడు. టైటానియం బిళ్ళ. వేళ్లు బొబ్బలెక్కేలా రుద్ది రుద్ది మెరిపించాడు. “ఒక్క గీత కూడా లేదు మేడమ్. కణాలకు ఏ అడ్డూ ఉండకూడదని.”

సీతారత్నంగారు అందులో చూసుకుని, బొట్టు సర్దుకుని, బిళ్ళ తిరిగి ఇచ్చేశారు.

అప్పుడే ఎవరో ల్యాబంతా తడిగుడ్డ పెట్టి వెళ్లారు. నున్నటి టైల్స్ నిగనిగలాడుతున్నాయి. ఆవిడ తువ్వాలు తీసుకుని, గుమ్మం అవతల గరుకు సిమెంటు వరండాలోకి వెళ్లి నిలబడ్డారు. “చెప్పులు విప్పి ఆ తడి మీద నిలబడు. ఈ కొస పట్టుకుని నన్ను లాగు.”

“మీరు పడిపోతారు మేడమ్!”

“ఎవరు పడతారో చూద్దాం. లాగు.”

లాగాడు. ఆవిడా లాగారు. ఆరడుగుల గౌరినాయుడు రెండు కాళ్లూ జారుకుంటూ గుమ్మం దాకా వచ్చి, తలుపు పట్టుకుని ఆగాడు.

“ఇప్పుడు ఇటు రా.”

వరండాలోకి వచ్చి సిమెంటు మీద నిలబడ్డాడు. ఈసారి ఆవిడ ఎంత లాగినా అతను అంగుళం కదల్లేదు.

“గుమ్మం దాటేలోపు నీ సత్తా పెరిగిందా?”

“లేదు మేడమ్.”

ఆవిడ అదే తువ్వాలుతో ముఖం తుడుచుకుని తన గదిలోకి వెళ్లిపోయారు.

గౌరినాయుడు తన కాళ్లకేసి చూసుకుంటూ అక్కడే నిలబడిపోయాడు. కణానికీ కాళ్లలాంటివి ఉంటాయి. వాటితో కిందనున్నదాన్ని పట్టుకుని లాగి చూస్తుంది. పట్టు చిక్కితే ఆ కబురు కణం నడుమకు చేరుతుంది. అది చేరాకే మందు చెప్పే మాట చెవికెక్కుతుంది. ఇదంతా అతనికి తెలియనిది కాదు. జూనియర్లకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పిన పాఠమే.

మెరుగు పెట్టిన బిళ్ళలన్నీ తీసి యాసిడ్‌లో వేశాడు. మెరుపు చచ్చి, బూడిద రంగు తేలి, ఉప్పుకాగితంలా గరుకెక్కాయి. బాగా కడిగి, వేడిలో శుద్ధి చేసి, చివరి గొట్టంలోని కణాలను వాటి మీద వదిలాడు.

వారాలు గడిచాయి. రంగు పోసి, కడిగి, భయపడుతూ మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. కుంకుమ చల్లినట్టు బిళ్ళంతా ఎరుపు.

“మేడమ్! కట్టాయి మేడమ్!” అని వరండా అంతా వినబడేలా కేకేశాడు.

సీతారత్నంగారు వచ్చి చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. “మందు ఎంత పోశావు?”

“మొదట్లో పోసినంతేనండీ, చుక్క పెంచలేదు. అసలు నేను చేసిందేముంది మేడమ్? కాళ్ల కింద కాస్త గరుకు చేసి పక్కకు తప్పుకున్నాను, అంతే.”

“ఇన్నేళ్లూ నేనూ అంతే చేశాను నాయనా.”

ఆవిడ తిప్పి పంపిన కాగితాలూ, మళ్లీ మళ్లీ చేయించిన ప్రయోగాలూ గౌరినాయుడికి గుర్తొచ్చాయి. కళ్లల్లో నీళ్లు నిండుతుంటే, వంగి ఆవిడ పాదాలకు దండం పెట్టాడు.