ముక్కు మీద ఈగ

పూర్వం ఒక రాజ్యంలో సభ మాయాదర్పణాల్లో జరిగేది. ఎవరింట్లో వాళ్లు అద్దం ముందు కూర్చుంటే చాలు. నోరు విప్పనివాళ్లు ఒప్పుకున్నట్టే. సభకు రానివాళ్లకు కొలువు పోతుంది.

నేతపేట కూల్చి గుర్రపుశాల కట్టాలని మంత్రి పట్టుబట్టాడు. మగ్గం పోతే పిల్లలకేం పెట్టాలని ఆ పేటలోని మార్కండమ్మకు దిగులు.

సభలో మంత్రి ముక్కు మీద ఈగ వాలింది. ఎంతకీ తోలడేం? అద్దం ముందు తన పటం పెట్టి పడుకున్నాడని ఆమెకు అర్థమైంది.

"ప్రభూ, మా పేట మాకే ఉంచండి. మంత్రిగారు కాదంటే ఇప్పుడే చెప్పమనండి," అంది.

రాజు మూడుసార్లు అడిగాడు. మంత్రి పలకలేదు. రాజు ముద్ర వేశాడు.

మర్నాటి సభలో మంత్రి, "నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అని లబోదిబోమన్నాడు.

"నిన్న మీరు సభలో లేరా బాబూ?" అంది మార్కండమ్మ.

మంత్రి కొలువు పోతుందని భయపడి, "ఉన్నాను," అన్నాడు.

"నిజమే. ఈగతో సహా చూశాను లెండి."