సూరమ్మ డ్రమ్ము

అప్పలనరసమ్మగారిని ఎవరేమడిగినా జవాబు చెప్పదు, పని చెబుతుంది. కౌన్సిలరుగా చేసి దిగాక, ఎన్నికల్లో నిలబడాలనుకునే ఆడవాళ్ళకు తన అరుగు మీదే చదువు మొదలెట్టింది. ఆ అరుగు మీద పడుకున్న పిల్లి నిలబడ్డా మెజారిటీతో గెలుస్తుందని ఊళ్ళో అనుకునేవారు.

హేమసుందరి పేరు ప్రతిపాదించాల్సింది ఆవిడే. నామినేషన్ల గడువు ముంచుకొస్తుంటే ఆ పిల్లకు అన్నం సయించడం లేదు.

"మామ్మగారూ, ఒక్క ఓటు కూడా చెయ్యి జారకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?"

"నీళ్ళ ట్యాంకరొచ్చింది. బిందెడు పట్టుకురా" అంది మామ్మగారు.

వరుస తల ట్యాంకరు దగ్గరుంటే తోక పక్క మండలంలో ఉంది. మనిషి లేకపోయినా బిందె ఉంటే చాలు, ఆ చోటు ఆ బిందెదే. ఆ వీధిలో సూర్యుడు గతి తప్పినా బిందె వరుస తప్పదు. తప్పించేది సూరమ్మ ఒక్కతే. ఆవిడ నీలం డ్రమ్ములో ఏనుగు మునిగితే తొండం కూడా కనబడదు. సగం వార్డు ఆవిడ చుట్టాలే.

"కాస్త జరుగు తల్లీ, కాబోయే కౌన్సిలరమ్మవి!" అంటూ సూరమ్మ డ్రమ్ము ముందుకు తోసింది.

హేమసుందరి వెన్నలా కరిగిపోయింది. "అయ్యో, పట్టుకోండి పిన్నిగారూ!"

డ్రమ్ము నిండేసరికి ట్యాంకరు దగ్గి ఖాళీ అయింది. వెనక బిందెల వాళ్ళు తిట్టిన తిట్లకు డ్రమ్ము నీలం రంగు వెలిసిపోయింది. ఆ పూట కాఫీ లేకుండా కూర్చున్న మామ్మగారు, ఖాళీ బిందె మళ్ళీ చేతికిచ్చి "రేపూ వస్తుందిలే" అంది.

మర్నాడూ డ్రమ్ము వచ్చింది. హేమసుందరి అడ్డంగా నిలబడింది.

"ఏమే, నిన్న పిన్నిగారూ అన్నావు?"

"ఇవాళా పిన్నివే. వెనక్కెళ్ళి నిలబడు పిన్నీ."

సూరమ్మ పెట్టిన కేకకు ఎగిరిన పావురాలు ఇప్పటిదాకా వాలలేదు. డ్రమ్ము దొర్లింది, జుట్లు ముడిపడ్డాయి. హేమసుందరి చిరిగిన జాకెట్టు చేతితో, సగం ఒలికిన బిందెతో వచ్చి అరుగు మీద కూలబడింది.

"కొంప మునిగింది మామ్మగారూ! సగం వార్డు పోయింది. ఇంకెవరి పేరైనా చూసుకోండి."

"సూరమ్మ చుట్టాలు ఎక్కడున్నారే అప్పుడు?"

"ఎక్కడుంటారు? బిందెలు పెట్టుకుని, డ్రమ్ము వెనకాల..." అంటూనే హేమసుందరి లేచి నిలబడింది.

మామ్మగారు స్టవ్వు మీద కాఫీకి నీళ్ళు పడేసి అంది:

"జడేసుకో. నామినేషన్ల ఆఫీసు మూసేస్తారు."