తట్టలో దొరికిన ముక్క

మైనపు బ్లాకులో ముక్క లేదు.

సునంద దాన్ని మిషను నుంచి ఊడదీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకి ఎదురుగా పెట్టి చూసింది. తిరగేసి చూసింది. తెల్లటి మైనం తప్ప మరేమీ లేదు. పొద్దున ఆ మైనం మధ్యలో నూలుపోగంత ముక్క ఒకటి ఉండేది. సత్యవేణి అనే ఆవిడ రొమ్ములో గడ్డ లేస్తే, అందులోంచి సూదితో తీసిన ముక్క అది. గడ్డ లోతుగా ఉండటంతో సూదికి చిక్కింది ఆ కాస్తే. అది క్యాన్సరో కాదో తేలేదాకా సర్జన్ గారు ఏ మాటా చెప్పనన్నారు.

ఏం జరిగిందో సునందకి వెంటనే తెలిసిపోయింది. కోత మిషనుకి బ్లాకు బిగించి చక్రం తిప్పితే, తిప్పినప్పుడల్లా బ్లాకు కత్తికి తగిలి ఒక పొర లేస్తుంది. పైనున్న ఉత్త మైనం పోయేదాకా పొరలు మందంగా తీస్తారు. ముక్క కనపడగానే మీట తిప్పి, ఉల్లిపొర సిగ్గుపడేంత పల్చగా కోస్తారు. సునంద మీట తిప్పడం మరిచిపోయింది. ఆ మందంతోనే చకచకా చక్రం తిప్పేసింది. ముక్కంతా రంపపుపొట్టులా రాలి, కింద తట్టలో పడింది.

ఆ ల్యాబులో అందరికంటే వేగంగా కోసేది సునందే. ఆ మాట ఎవరైనా అంటే ఆమెకి మహా ఇష్టం. ఎవరూ అనకపోతే ఏదో వంకన తనే అనిపించుకునేది. పొద్దున కూడా ఆ హుషారులోనే కూర్చుంది.

‘నమూనా చాలలేదు’ అని ఒక్క మాట పైకి పంపితే చాలు. అలాంటివి ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, ఎవరూ ఆరా తీయరు. సర్జన్ గారు సూదిని తిట్టుకుని మళ్ళీ గుచ్చుతారు. సునంద ఆ మాటని లోలోపల రకరకాలుగా అనుకుని చూసింది. ఎలా అనుకున్నా అబద్ధంలాగే వినపడింది.

పక్కగదిలో అబ్బులు మాస్టారు, కోసిన పొరలకి వేసే రంగు వడకడుతున్నారు. కాకినాడ చుట్టుపక్కల ఈ పని చేసేవాళ్ళలో సగంమంది ఆయన చేతికింద నేర్చుకున్నవాళ్ళే. అయినా ఆయన పాఠం చెప్పగా విన్నవాళ్ళు లేరు. ఏదైనా అడిగితే ఆ పని తనే చేసి చూపించి, తన దారిన తను వెళ్ళిపోతారు. అర్థం కాకపోతే మర్నాడు మళ్ళీ చేస్తారు. వేళాకోళానికి మాత్రం లోటు చెయ్యరు.

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, తేలు కుట్టిన దొంగలా కిటికీ దగ్గర నిలబడ్డ శిష్యురాలిని చూశారు. బ్లాకుకి జాతకం చూస్తున్నావా ఏంటే అని అడిగారు. సునందకి నవ్వు రాలేదు. బ్లాకు ఆయన చేతిలో పెట్టింది.

“ముక్క చాలలేదండి.”

మాస్టారు బ్లాకుని చూశారు. తర్వాత మిషను వైపు చూశారు. మీట ఇంకా మందం దగ్గరే ఉంది. ఆయన చూపు ఆ మీట మీదే ఆగింది. ఆ చూపు సునంద భరించలేకపోయింది.

“మీట తిప్పలేదండి,” అంది చిన్నగా.

తిడతారనుకుంది. తిడితే బాగుణ్ణనుకుంది. మాస్టారు ఫ్యాను కట్టేశారు. కుర్చీ లాక్కుని కూర్చుని, తట్ట తియ్యమన్నారు.

దింపుడు కళ్ళం ఆశ అంటారే, సునందకి అలాంటి ఆశ పుట్టింది. రాలిన పొరల్లో ముక్క తాలూకు తునక ఒక్కటి దొరికినా, మైనం కరిగించి మళ్ళీ బ్లాకు పొయ్యొచ్చు. మాస్టారు అలా బతికించిన ముక్కలు ఉన్నాయని ఆమె విన్నది. ఇద్దరూ చెరో కుంచె పట్టుకుని మైనపు పొరల్ని ఒక్కొక్కటే గోరువెచ్చని నీళ్ళలోకి వదిలారు. నీళ్ళు తగలగానే ముడుచుకున్న పొర విప్పుకుంటుంది. దాన్ని వెలుతురులో చూడాలి, ఏమీ లేదని పక్కన పెట్టాలి, ఇంకోటి తియ్యాలి. ఊపిరి గట్టిగా వదిలితే పొర ఎగిరిపోతుంది. అందుకని సునంద ఊపిరి కూడా దొంగతనంగా పీల్చింది. మెడ వెనక చెమట కారుతున్నా తుడుచుకోలేదు.

చాలాసేపటికి ఒక పొరలో బూడిదరంగు మచ్చ కనపడింది.

“దొరికిందండి,” అంది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ క్షణంలో ఆమెకి అబ్బులు మాస్టారి కాళ్ళ మీద పడాలనిపించింది.

మాస్టారు ఆ పొరని కుంచెతో ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఎవరిదిది?”

“సత్యవేణి గారిదండి.”

“దీనికి ముందు ఏం కోశావు?”

సునంద తట్ట వైపు చూసింది. అంతకుముందు కోసింది ఇంకొకావిడ రొమ్ములోంచి తీసిన సూదిముక్క. ఆవిడదీ నూలుపోగే, అదీ ఇదే రంగు. ఒక బ్లాకు అయ్యాక తట్ట దులిపి, కత్తి తుడిచి, అప్పుడు రెండోది బిగించాలి, లేకపోతే ఒకరి ముక్క ఇంకొకరి లెక్కలోకి పోతుంది. అక్కడ చేరిన మొదటిరోజే ఎవరైనా నేర్చుకునే పని అది. వేగంగా కోసేవాళ్ళకి అదొక్కటే అడ్డం. ఈమధ్య సునంద దాన్ని ఒకసారి చేస్తే ఒకసారి మానేస్తోంది.

“పొద్దున దులిపావా?”

“గుర్తులేదండి.” మళ్ళీ తనే, “సత్యవేణి గారిదే అయ్యుంటుందండి. నూటికి తొంభై పాళ్ళు ఆవిడదే,” అంది.

మాస్టారు కుంచె విదిలించారు. మచ్చ ఉన్న పొర తట్టలో పడింది. ఆయన తట్ట ఎత్తి, ఉన్నదంతా చెత్తడబ్బాలో బోర్లించేశారు.

సునంద చెత్తడబ్బా వైపు ఒక అడుగు వేసింది. ఆవిడకి మళ్ళీ సూది గుచ్చాల్సి వస్తుందండి అని దాదాపు ఏడుస్తూ అంది. మాస్టారు అవునన్నారు. చెప్పులు వేసుకుని మేడమెట్ల వైపు నడిచారు. ఆయన వెనకాలే సునంద వెళ్ళింది.

ల్యాబులో వాళ్ళు రోగుల్ని చూడరు. వాళ్ళ దగ్గరికి మనుషులు సీసాల్లో వస్తారు, మీద అంకె అంటించుకుని. సునంద వార్డుకి ఎప్పుడూ వెళ్ళలేదు. సత్యవేణి మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునుంది. నలభై దాటి ఉండవు. రొయ్యల షెడ్డులో ఐసు మీద చేతులాడించి, వేళ్ళ చివర్లు పగిలిపోయి ఉన్నాయి. మాస్టారు ఈ అమ్మాయి కింద ల్యాబులో పని చేస్తుందమ్మా అని చెప్పి, గోడకి చేరబడ్డారు. మిగతాది సునందే చెప్పాల్సి వచ్చింది. చెప్పింది. తప్పు తనదేనని కూడా చెప్పింది.

సత్యవేణి అంతా విన్నది.

“మళ్ళీ గుచ్చుతారా అయితే?”

“ఆయ్.”

“మొన్న గుచ్చిన కాడ్నుంచి ఆ పక్కకి ఒత్తిగిల్లలేకపోతన్నానమ్మా.” మొహం గోడవైపు తిప్పేసుకుంది.

సర్జన్ గారు మాత్రం వరండా అంతా వినపడేట్టు తిట్టారు. సునంద తలొంచుకుని విన్నది. ఆ తిట్లు ఆమెకి తగల్లేదు. గోడవైపు తిరిగిన ఆ మొహమే తగిలింది, రాత్రి కంచం ముందు కూర్చున్నా అదే కనపడింది.

సూది వేసే రోజు మాస్టారు ఆమెని పైకి పంపారు. ఎందుకో చెప్పలేదు. సునంద మంచం పక్కన నిలబడింది. సూది దిగుతున్నప్పుడు సత్యవేణి అందిన చెయ్యి పట్టుకుంది, అది సునంద చెయ్యి. నోట్లోంచి చిన్న మూలుగు కూడా రాలేదు. గోళ్ళు మాత్రం సునంద మణికట్టులో దిగబడిపోయాయి. ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో పడింది. ఈసారీ నూలుపోగే.

బ్లాకు తయారయ్యాక సునంద దాన్ని తీసుకెళ్ళి మాస్టారి ముందు పెట్టింది. మీరు కొయ్యండి, నా వల్ల కాదని బతిమాలింది. మాస్టారు లేచి మిషను దగ్గరికి వెళ్ళారు. తట్ట తీసి దులిపి, తడిగుడ్డతో తుడిచారు. కత్తి మార్చారు. పొరలు విప్పే నీళ్ళ మీద తేలే నలుసులన్నీ కాగితంతో లాగేశారు. అన్నీ చేసి, కుర్చీ ఆమె వైపు జరిపి, తను పక్కనున్న స్టూలు మీద కుంచె పట్టుకుని కూర్చున్నారు, ఆమెకి చేతిసాయం చెయ్యడానికి వచ్చినవాడిలా.

సునంద కూర్చుంది. ఒకసారి తిప్పి ఆగింది, వంగి చూసింది. ఇంకోసారి తిప్పింది, మళ్ళీ చూసింది. మణికట్టు మీద గోళ్ళ గాట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మెరిసే మైనంలో ఒకచోట మెరుపు తగ్గి సన్నగా గీత కనపడగానే ఆగిపోయింది. మీట తిప్పింది. తిప్పానో లేదోనని చూసుకుంది. ఇంకోసారి చూసుకుంది. అప్పుడు చక్రం పట్టుకుంది. గట్టిపడటానికి ఐసు మీద పెట్టిన మిగతా బ్లాకులన్నీ ఎదురుచూశాయి, ఇంత ఆలస్యమేమిటని ఎవరూ అడగలేదు. పొరలు ఒకదాని వెనక ఒకటి అంటుకుని రిబ్బనులా దిగాయి. మాస్టారు కుంచెతో వాటి కొస అందుకుని నీళ్ళ మీదికి వదిలారు.

ఆ పొరలు ఎక్కించి రంగు వేసిన గాజు స్లైడు, అది చూసి రోగం తేల్చే పైగది డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్ళింది. సునందకి కూర్చోబుద్ధి కాలేదు. గుమ్మం దగ్గరికి వెళ్తుంది, వెనక్కి వస్తుంది. మాస్టారు పంపు కింద చేతులు కడుక్కుంటున్నారు.

“మంచిదే వస్తుందంటారా మాస్టారండీ?”

మాస్టారు పంపు కట్టేశారు.

“ఏదొచ్చినా ఆవిడదే వస్తుంది,” అన్నారు.