అత్తగారి దిబ్బ

ఆ దీవిలో ఒడ్డు దాటి అడవి మొదలయ్యే చోట, ఇసుకా రాలుటాకులూ కలిసిన పెద్ద దిబ్బ ఒకటి ఉండేది. అది దిబ్బకోళ్లది. గోధుమరంగు ఒళ్లు, బూడిదరంగు తల, కళ్లచుట్టూ ఈకల్లేని ఎర్రటి చర్మం, ఒంటికి మించిన పాదాలు. ఎగరడం కన్నా వాటికి పరుగే ఇష్టం. గుడ్ల మీద కూర్చోవడం వాటి ఇంటావంటా లేదు. గుడ్డును దిబ్బలో పాతిపెడితే, ఆకులు కుళ్లిన వేడికి అదే పొదుగుతుంది. పిల్ల తనంతట తానే తవ్వుకుని బయటికొచ్చి, తల్లిదండ్రులెవరో తెలియకుండానే అడవిలోకి పోతుంది. పెరిగి దిబ్బకు తిరిగొస్తే, నడక చూసి ఎవరి బిడ్డో పెద్దవాళ్లు పోల్చుకుంటారు.

ఒకప్పుడు ఆ దిబ్బకు ఎన్నో జంటలు వచ్చేవి. తెల్లవారితే చాలు, అందరూ వరసగా నిలబడి కాళ్లతో ఆకులు వెనక్కి జిమ్మేవారు. ఒకరి ఇసుక ఇంకొకరి కళ్లలో పడితే తిట్టుకునేవారు, మధ్యాహ్నానికి మళ్లీ ఒకే నీడన చేరేవారు. ఆ తర్వాత ఒకసారి సముద్రం అడవిలోకి వచ్చి పోయింది. చివరికి ఎర్రమ్మ, ఆమె మొగుడు గూనయ్య మిగిలారు. ఆ ఏడు దిబ్బలో ఉన్నది ఒకే ఒక్క గుడ్డు.

గూనయ్య మేతకు వెళ్లిన పూట ఉడుము వచ్చింది. దూరంగానే చతికిలబడి, ఎర్రమ్మ అత్తగారిని తలుచుకుని నిట్టూర్చింది. ఆవిడ కూతకు అడవంతా లేచేదని, దిబ్బ దగ్గర ఆ సందడే వేరని చెప్పుకొచ్చింది. మొగుడు తప్ప పలకరించే దిక్కులేని ఎర్రమ్మకు ప్రాణం లేచొచ్చింది. మట్టి జిమ్మడానికి సాయం చేస్తానంటే సరేనంది. గుడ్డున్న చోటు తొక్కకుండా చూపిద్దామని కాలు ఎత్తింది కూడా.

"మీ అత్త గుడ్డే గుడ్డు, కోడలా," అంది ఉడుము మైమరిచి. "తెల్లసొన పేరుకే. అంతా పచ్చసొనే."

ఎర్రమ్మ ఎత్తిన కాలు దించలేదు. తన జన్మలో పచ్చసొన చూసి ఎరగదు. అత్తా ఎరగదు. మట్టిలోని గుడ్డు పగిలేది పిల్ల లోపలినుంచి తన్నినప్పుడే. దాని పచ్చసొన చూశాడంటే, వాడు పిల్ల కన్నా ముందే అక్కడికి వెళ్లినవాడు.

"ఇక్కడ కాదు మామా," అంది మెల్లగా. దిబ్బ పక్కన గూనయ్య పోగేసిన ఆకుల కుప్ప చూపించింది. "గుడ్డు దాని అడుగున ఉంది. పైనున్నది వెనక్కి జిమ్మితే కనిపిస్తుంది."

ఉడుము దిబ్బకు వీపు పెట్టి తవ్వకం మొదలెట్టింది. ఎర్రమ్మ ఎదురుగా కూర్చుని అత్త కబుర్లు ఇంకా చెప్పమంది. ఉడుము చెబుతూ జిమ్మింది, జిమ్ముతూ చెప్పింది. పొద్దు వాలేసరికి కుప్ప ఖాళీ అయింది. కింద ఒట్టి నేల.

"గుడ్డేదే?"

"నీ వెనకే ఉంది మామా. నువ్వే కప్పావు. మా వాళ్లంతా ఉన్నప్పుడు కూడా దిబ్బ ఇంత ఎత్తు లేదు."

ఉడుము వెనక్కి తిరిగి చూసింది. కుళ్లిన ఆకుల కంపులో గుడ్డు వాసన అందదు. అంత దిబ్బలో ఎక్కడని తవ్వుతుంది? అరిగిన గోళ్లు ఈడ్చుకుంటూ పోయింది.

వానలు వెలిశాక ఒక ఉదయం దిబ్బ కదిలింది. ఇసుక దులుపుకుంటూ పిల్ల బయటికొచ్చి, ఈ ముసలివాళ్లను ఒకసారి చూసి, ఎవరో అనుకుని పొదల్లోకి పరిగెత్తింది. ఎర్రమ్మ పిలవలేదు.

"నడక అచ్చం మీ అమ్మదే," అంది మొగుడితో.

నీతి: మన పాత రోజుల్ని తీపిగా తలుచుకునేవాడు కనబడితే, ఆ తీపి దేని రుచో ముందు వినాలి.