డబ్బా మీద పేరు

ఉదయం తొమ్మిదింటికి సర్వర్‌లోని సాఫ్ట్‌వేర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చాను. పదింటికల్లా లేచింది. లేచి, నాకు డిస్కులే లేవంది! ఎనిమిది డిస్కులు కళ్లెదురుగా పచ్చ లైట్లు వేసుకుని కూర్చున్నాయి, లేవంటుందేంటి? నాకు ఒళ్లు మండిపోయింది.

అది నంద్యాలలో ఒక బ్లడ్ బ్యాంకు. వాళ్ల కంప్యూటర్లు నాలుగూ ఆ ఒక్క సర్వర్ లోపలే వర్చువల్‌గా, అంటే విడి డబ్బాలు లేకుండా, నడుస్తాయి. రక్తదాతల ఫోన్ నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి. పక్క ఆస్పత్రిలో ఒక బాలింతకి రక్తం కారడం ఆగట్లేదు. ఆమెది ఓ నెగెటివ్. ఫ్రిజ్‌లో ఉన్నది ఒక్కటే ప్యాకెట్టు. రెండోది కావాలంటే దాతని పిలవాలి, పిలవాలంటే నంబరు కావాలి, ఆ నంబరు డిస్కుల్లో ఉంది. ఆమె మొగుడు గుమ్మంలో నిలబడి నా వంకే చూస్తున్నాడు.

మస్తాన్ వలీ సార్‌కి ఫోన్ చేశాను. నాకు ఈ పని నేర్పిన గురువు ఆయనే. పది నిమిషాల్లో వచ్చేశారు.

"ఏ డ్రైవర్ వేశావు ఓబులేసూ?"

"డిస్కుల్ని నడిపే కార్డు ఉంటుంది కదా సార్, దాన్ని నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేరే! సర్వర్ డబ్బా మీద కంపెనీ పేరుంది, మోడల్ నంబరుంది. ఆ కంపెనీ సైట్‌కే వెళ్లి, ఆ మోడలే కొట్టి, అన్నిటికన్నా కొత్తది దించి వేశాను. నా తప్పేముంది? వాళ్లు రాసింది కూడా నమ్మకూడదంటే ఇంకెవర్ని నమ్మాలి? ఇదెక్కడి అన్యాయం సార్!"

ఆయన నా చెయ్యి పట్టుకుని కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ టెక్నీషియన్ రాహేలమ్మ ఆ ఒక్క ప్యాకెట్టూ ముందు పెట్టుకుని, గాజు గొట్టంలో చుక్కలు వేసుకుంటోంది.

"రాహేలమ్మా, ప్యాకెట్టు మీద ఓ నెగెటివ్ అని రాసుంది. డాక్టర్ చీటీ మీదా అదే రాసుంది. ఇచ్చి పంపెయ్యరాదూ?"

ఆవిడ చటుక్కున తలెత్తింది. "మతి గానీ పోయిందా వలీ గారూ? రాసింది చూసి రక్తం ఎక్కించేస్తారా ఎవరైనా? ఈ రక్తాన్ని ఆమె రక్తంతో కలిపి చూడందే ప్యాకెట్టు నా చెయ్యి దాటదు. ఆ మొగుడొచ్చి నా కాళ్ల మీద పడ్డా దాటదు. ముందు మీ పని మీరు చూసుకోండి!"

"తప్పే తల్లీ, తప్పే," అని సార్ పక్కనున్న బల్ల మీద కూర్చున్నారు.

నా చెవులు వేడెక్కాయి. అక్కడ ప్రాణం పోతుంటే ఈయన నన్ను పదిమందిలో పెట్టి ఆడిస్తున్నాడా అనుకున్నాను. విసవిసా సర్వర్ గదిలోకి వెళ్లి, పవర్ ఆపేసి, లోపల నిజంగా ఏముందో చూద్దామని మూత ఊడదీశాను.

లోపలున్న కార్డు ఆ కంపెనీది కానే కాదు. ఎప్పుడో అసలు కార్డు కాలిపోయినట్టుంది, ఎవరో మహానుభావుడు దొరికిన కార్డు పెట్టి, ఎక్కడా రాయకుండా మూత బిగించి పోయాడు. వాణ్ని నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టుకుంటూ కార్డు మీది నంబరు రాసుకున్నాను. ఈ కొత్త వెర్షన్‌తో ఏ కార్డుకి ఏ డ్రైవర్ పనిచేస్తుందో చెప్పే జాబితా తెరిచి ఆ నంబరు వెతికాను. దాని ఎదురుగా ఉన్నది రెండేళ్ల నాటి డ్రైవర్. దాని కొత్త డ్రైవర్ ఊసే ఆ జాబితాలో లేదు.

పాతదే వేశాను. ఎనిమిది డిస్కులూ వచ్చాయి.

రాహేలమ్మ ఈలోపు మొదటి ప్యాకెట్టు కలిపి చూసి పంపించేసింది. నంబర్లు కనపడగానే ఫోన్లందుకుంది. మూడో నంబరుకి ఒక ఆటో డ్రైవర్ దొరికాడు, ఖాకీ చొక్కాతోనే పరిగెత్తుకొచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి ఆమె గండం గడిచిందని కబురొచ్చింది.

అప్పటికీ నా కోపం చల్లారలేదు. బయట టీ తాగుతున్న సార్ దగ్గరికి వెళ్లాను.

"కార్డు మారిందని మీకు ముందే తెలుసు. ఆ ఒక్క మాటా చెబితే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా సార్? అరగంట కలిసొచ్చేది కదా!"

ఆయన నా వంక విడ్డూరంగా చూశారు.

"నాకెలా తెలుస్తుంది ఓబులేసూ? నేనూ మూత పైన రాసిందే చూశాను."