కర్రెన్న వేసిన గిట్ట ముద్ర

కర్రెన్న ఎద్దు బందెలదొడ్డిలోకి నాలుగు కాళ్లమీద నడిచి వెళ్లాడు, మూడు కాళ్లమీద కుంటుతూ వచ్చాడు. చేసిన నేరం పరాయి చేలో రెండు పరకలు కొరకడం. ఆ దొడ్డికి కాపలా జాగిలాలు. వాళ్ల జమేదారు కర్రెన్నను రాటకు కట్టించి, కాలెముక విరిగేదాకా కరిపించాడు. కాపలా కాయాల్సినవాళ్లే కరిస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?

కర్రెన్న వాగొడ్డున తీర్పులు చెప్పే ఏనుగు దొర దగ్గర దావా వేశాడు. "దున్నే కాలు పోయింది దొరా. పరిహారం ఇప్పించండి. విరిచింది మేమేనని వాళ్లతో చెప్పించండి."

ఏనుగు దొర వాయిదా వేశాడు. మూడు వానాకాలాలు వాయిదాలతోనే గడిచాయి. కర్రెన్న డొక్కలు ఎండిపోయాక జాగిలాల వకీలు నక్క పరామర్శకొచ్చాడు.

"ఏం కర్రెన్నా, బాగా చిక్కిపోయావే!"

"కడుపునిండా తిని చాన్నాళ్లయింది వకీలుగారూ."

"ఇలాగైతే నువ్వు పోయాక వస్తుంది తీర్పు. రాజీ పడు. ఆర్నెల్ల గడ్డి రేపే నీ ముంగిట్లో వేయిస్తా."

"మరి తప్పు ఒప్పుకుంటారా?"

"అదొక్కటీ అడక్కు. 'నేనే జారిపడ్డాను, నన్నెవరూ ముట్టుకోలేదు' అని మట్టిపలక మీద రాసుంటుంది. కింద నీ గిట్ట ముద్ర వేస్తే చాలు."

"అబద్ధం కదయ్యా అది!"

"అందరి పలకల్లోనూ రాసే మాటే. ఎవడు చదువుతాడు? నీకు కావలసింది మాటా, మేతా?"

ముద్ర పడిన పలకను కుమ్మరి ఆవంలో కాలుస్తారు. కాల్చాక దిద్దడానికి వీల్లేదు. కర్రెన్నకది తెలుసు. తెలిసీ ఆకలికి తాళలేక గిట్ట మోపాడు. ఆ ఆకలిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

గడ్డి వచ్చింది. అది జంతువులన్నీ పన్ను కింద పోసిన గడ్డి. జాగిలాల తిండిలో ముద్దైనా తగ్గలేదు, జమేదారు దొడ్డి గుమ్మం వదల్లేదు.

మరుసటేడు ముత్యాలు అనే మేక మొగుణ్ణి అదే దొడ్డిలో పెట్టారు. మూడోరోజు శవాన్ని ఇచ్చారు. ముత్యాలు దావా వేసింది. పిలవకుండానే కర్రెన్న కుంటుకుంటూ వెళ్లి నిలబడ్డాడు.

"నేను సాక్షిని దొరా. నా కాలు విరిపించింది కూడా ఈ జమేదారే."

నక్క తాపీగా పలక తీసి చదివాడు. "నేనే జారిపడ్డాను, నన్నెవరూ ముట్టుకోలేదు."

"ఈ ముద్ర నీదేనా?" అన్నాడు ఏనుగు దొర.

"నాదే. కానీ దొరా, అప్పుడు ఆకలికి..."

"నీదేనా, కాదా?"

"నాదే."

"ఈ సాక్ష్యం చెల్లదు. వేరే సాక్షి లేడు. దావా కొట్టేశాను."

ముత్యాలు ఏడవలేదు. కర్రెన్న వైపు తిరిగి, "ఆ గడ్డి ఇంకా ఉందా అన్నా?" అని అడిగింది.

ఎప్పుడో అయిపోయింది. కర్రెన్న సిగ్గుతో తల దించుకున్నాడు.

నోరు మూయించడానికి ఇచ్చిన పరిహారం, రేపు దెబ్బలు తినబోయేవాడి నోరు కూడా మూస్తుంది.