రెండో లొట్టి

కల్లు అమ్మే మండువలో ఎప్పుడైనా కూర్చున్నారా? కూర్చుంటే ఏం చూశారో చెప్పండి. తాటాకు రేక దోసిట్లో పట్టాం, పోశారు, తాగాం అంటే చాలదు. పోసేవాడి చెయ్యి ఏ లొట్టి మీదికి, ఏ కల్లుకుండ మీదికి పోయిందో చూశారా?

సాంబయ్య చూశాడు. చూసింది తొమ్మిది రోజులు కడుపులో దాచుకొని, పదోరోజు తన గురువు ఎల్లదాసు ముందు కూర్చొని అడిగాడు. "అయ్యా, నోటితో అబద్ధమాడనోనికి పాపం అంటుతదా?"

ఎల్లదాసు రాళ్లు కొట్టి బతికిన మనిషి. బోధలు తక్కువ. "జరిగింది చెప్పు" అన్నాడు.

ఆ ఎండాకాలం సాంబయ్య తన మేనమామ బుచ్చయ్య నడిపే మండువలో చేతిసాయానికి పోయాడు. ఆ ఇంట్లో తాతలనాటి కట్టుబాటు ఒకటుంది. పోసేవాడు అందరి ఎదుటా మొదటి రేక తాను తాగాలి. తర్వాతే ఎవరికైనా పొయ్యాలి. తాటిచెట్లు ఎండిపోయాయి గాని తాగేవాళ్లు తగ్గలేదు. బుచ్చయ్య కట్టుబాటు తప్పలేదు. చిన్న లొట్టిలోని చెట్టు కల్లు తాను తాగి, పెద్ద లొట్టిలోంచి జనానికి పోసేవాడు. అందులో ఉన్నది నీళ్లు, మత్తు పొడి, పేరుకింత కల్లు. మేనల్లుడికీ రోజూ చిన్న లొట్టిలోంచే రుచి చూపించేవాడు.

"పులుపెక్కిందా అల్లుడా?"

"లేదు మామా, తియ్యగనే ఉంది."

పెద్ద లొట్టి మాట ఇద్దరూ ఎత్తేవారు కాదు.

ఒకరోజు సాంబయ్య పోస్తుంటే కంకర కొట్టే రాజవ్వ రేక పట్టి అడిగింది. "ముందు నువ్వు తాగినవా కొడుకా?"

"తాగిన అవ్వా."

అది నిజమే. ఆమె నాలుగు రేకలు తాగింది. ఇంటికి పోతూ బాట మీద పడింది. పొద్దు వాలేలోపు ప్రాణం పోయింది.

ఎల్లదాసు అంతా విన్నాడు. మరునాడు పొద్దున, జన్మలో కల్లు ముట్టని ఆ మనిషి మండువకు వచ్చి, తాగేవాళ్ల వరుసలో గొంతుక్కూర్చొని రేక పట్టాడు.

"పొయ్యి సాంబయ్యా."

సాంబయ్య చెయ్యి తనంతట తానే చిన్న లొట్టి మీదికి పోయింది. గురువు రేక వెనక్కి తీసుకున్నాడు.

"రాజవ్వకు పోసిందే పొయ్యి."

చెయ్యి లేవలేదు. బుచ్చయ్య పక్కనుంచి నవ్వబోయాడు. "అయ్యకు మంచిదే పొయ్యి అల్లుడా, నీదేం పోయె" అని, అన్నాక నాలుక కరుచుకున్నాడు.

వరుసంతా విన్నది. ఒక్కడూ లేవలేదు. చివర కూర్చున్న రాజవ్వ కొడుకు, వణికే చేతులతో రేక ముందుకు చాచాడు. "మాకు పెద్దదాంట్లదే పొయ్యి అన్నా. పానం ఆగుతలేదు."

ఆ పొడికి అలవాటైనవాడికి ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వస్తాయి. పోస్తే తల్లి పోయిన బాటే. రెండూ సాంబయ్యకు తెలుసు. ఏడుపు మొహంతో గురువు వైపు తిరిగాడు.

"నోటి సంగతి నన్నడిగినవు" అన్నాడు ఎల్లదాసు. "చేతి సంగతి వాణ్ణి అడుగు."

రేక ఇంకా చాచే ఉంది. మీరూ చూస్తున్నారు. చెయ్యి ఇప్పుడు ఏ లొట్టి మీదికి పోవాలి?